రక్తపోటు: పుట్టుకలో ఉందా, బతుకులో ఉందా?

బీపీ కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బని, ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు రాదని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అమెరికా నల్లవాళ్ల సంగతి చూస్తే ఈ నమ్మకం నిలబడదు. అక్కడ తెల్లవాళ్లకంటే వాళ్లలో రక్తపోటు ఎక్కువ, అదీ చిన్న వయసులోనే మొదలవుతుంది. పక్షవాతం, గుండెజబ్బు దాని వెంటే వస్తాయి.

'వాళ్ల రక్తమే అంత' అన్న జవాబు చాలాకాలం నడిచింది. మనిషిని పుట్టుకతో కొలిచే ఈ వాదం మనకు కొత్తేమీ కాదు. 1997లో రిచర్డ్ కూపర్ బృందం ప్రచురించిన అధ్యయనం దాన్ని గట్టిగా దెబ్బతీసింది. ఆఫ్రికా మూలాలున్న జనంలోనే కొలిస్తే పశ్చిమ ఆఫ్రికాలో నూటికి 16 మందికి, కరీబియన్‌లో 26 మందికి, అమెరికాలో 33 మందికి అధిక రక్తపోటు తేలింది. మూలం ఒకటే, బతుకు వేరు. ఉప్పు, ఒంటి బరువు ఇందులో పెద్ద కారణాలే. కానీ అవే మొత్తం కాదు.

అవమానం ఎదురైతే ఒంట్లో ఏం జరుగుతుంది? పాము కనబడితే జరిగేదే. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. పాము పోతే అన్నీ సర్దుకుంటాయి. మరి ఆ పాము రోజూ ఆఫీసులో, క్లాసులో, ఇల్లు అద్దెకడిగిన గుమ్మంలో ఉంటే? రాత్రి నిద్రలో నూటికి పదివంతులైనా తగ్గాల్సిన పోటు సరిగా తగ్గదు. ఏళ్లు గడిచేకొద్దీ నాళాలు గట్టిపడతాయి. వాటిలోకి రక్తాన్ని తోసి తోసి గుండె కండరం మందమవుతుంది.

షెర్మన్ జేమ్స్ అనే నల్లజాతి పరిశోధకుడు 1980లలో నార్త్ కరోలినాలో మరో కోణం చూశాడు. జానపద కథలో జాన్ హెన్రీ రైలు సొరంగం తొలిచే కూలీ. ఆవిరి యంత్రంతో పోటీపడి సుత్తితోనే గెలిచి, అక్కడే కూలిపోయాడు. అలాంటి పట్టుదల ఉండీ చదువు, ఆస్తి లేనివాళ్లలో జేమ్స్‌కు రక్తపోటు ఎక్కువ కనిపించింది. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా 'నువ్వు వాళ్లకు రెండింతలు కష్టపడాలిరా' అని మన పిల్లలకు చెప్పే టీచర్లు ఈ కథ తెలుసుకోవాలి. చెప్పొద్దని కాదు, దానికి ఖరీదుంది.

నాన్సీ క్రీగర్ 1990 అధ్యయనం మరీ ఆలోచింపజేస్తుంది. అన్యాయం జరిగితే నోరుమూసుకుంటామన్న నల్ల స్త్రీలలో తమకు బీపీ ఉందన్నవాళ్లు, ఎదిరించి నలుగురితో చెప్పుకుంటామన్నవాళ్లకంటే నాలుగు రెట్లకు పైనే. అడిగింది యాభైమంది నల్ల స్త్రీలనే కాబట్టి దీన్నే తుదితీర్పుగా తీసుకోలేం. కానీ 'టెన్షన్ పడకండి' అని చీటీ రాసిచ్చే డాక్టరు, ఆ టెన్షన్ ఎవరు పెడుతున్నారో కూడా అడగాలి కదా!

అలాగని ఉద్యమంలో ఉన్నాం, మాత్రలెందుకని మానేయకండి. ప్రభుత్వాసుపత్రిలో బీపీ ఊరికే చూస్తారు. 140/90 ఉన్నా, దాటినా మరో రోజు మళ్లీ చూపించుకోవాలి. మందు మొదలుపెట్టాక తలనొప్పి లేదు కదా అని సొంతంగా ఆపొద్దు. చాలామందికి ఈ జబ్బులో ఏ నొప్పీ తెలియదు.