సంకరజాతి టమాటా: నారు పెంచి నాటు విధానము

టమాటా సాగుకై పెట్టిన సొమ్ము తిరిగి చేతికి వచ్చునా, రాదా యను సంగతి చాలవరకు నారు దశలోని మొదటి ఇరువదియైదు దినములలోనే తేలిపోవును. సంకరజాతి విత్తనము వెలగలది. అట్టి విత్తనమును కొని తెచ్చి మడిలో దట్టముగా చల్లి వదలివేసినచో ఆ వెలకు తగిన ఫలము కలుగదు. కావున ప్రతి గింజయు ఒక మొక్క కావలెను, ప్రతి మొక్కయు తెగులు సోకక పొలము చేరవలెను. అందులకు రైతులు చేయవలసిన పనులు ఈ కరపత్రమున వివరింపబడినవి.

సంకరజాతి యన నేమి?

టమాటా పువ్వు సాధారణముగా తన పుప్పొడితోనే కాయగట్టును. సంకర విత్తనము కావలసినచో, తల్లిచెట్టుపై పువ్వు విచ్చుకొనక ముందే కేసరములను పట్టకారుతో తీసివేసి, పిమ్మట వేరొక జాతి పుప్పొడిని దానికి అంటింపవలెను. ఇది పువ్వు పువ్వునకును చేతితో చేయవలసిన పని. కర్ణాటకములోని రాణిబెన్నూరు ప్రాంతమున అనేక కుటుంబములు ఈ వృత్తి వలన జీవించుచున్నవి. విత్తనము వెల హెచ్చుగా నుండుటకు ఇది యొక ముఖ్య కారణము.

రెండు జాతుల సుగుణములును మొదటి తరమునందు కూడియుండును. ఆ పండ్ల నుండి గింజలు తీసి మరల చల్లినచో ఆ గుణములు చెదరిపోవును. ఒకే ప్రబల జన్యువు వలన కలిగిన తెగులు నిరోధశక్తి తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే వచ్చినదైనచో, రెండవ తరమున నాలుగింట ఒక మొక్కకు ఆ శక్తి యుండదు. ఎకరమునకు 9,680 మొక్కలు నాటిన రైతునకు సుమారు 2,420 మొక్కలు రక్షణ లేనివై, తెగులునకు నెలవులగును. గింజల వెల మిగిల్చుకొని పంటను పోగొట్టుకొనుట లాభము గాదు. సొంత విత్తనము కావలెనని కోరువారు సూటి రకములనే వేసికొనవలెను.

విత్తనము కొనునప్పుడు

తమ ప్రాంతమున ఏ తెగులు ఎక్కువగా నున్నదో మొదట తెలిసికొని, దానిని తట్టుకొను రకమును ఎంచుకొనవలెను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 2010లో విడుదల చేసిన ‘అర్క రక్షక్’ ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు అను మూడింటిని తట్టుకొను సంకరము. కాని ఏ సంకరమును అన్ని తెగుళ్లను, పురుగులను ఎదుర్కొనజాలదు. ముద్ర చెడని పొట్లమునే కొనవలెను. దానిపై మొలకశాతమును, గడువు తేదీని చదువవలెను. రసీదును, ఖాళీ పొట్లమును పంట ముగియువరకు దాచియుంచవలెను. విత్తనము నకిలీదని తేలినచో రైతు చేతనుండు సాక్ష్యము అదియే.

విత్తనపు లెక్క

సాళ్ల మధ్య 3 అడుగులు, మొక్కల మధ్య ఒకటిన్నర అడుగు ఎడముంచినచో ఎకరమునకు 9,680 మొక్కలు పట్టును. చచ్చినవానికి బదులు నాటుటకై పదింట ఒకవంతు కలిపిన సుమారు 10,650 కావలెను. నూటికి 85 మొలచునని తలచినచో 12,500 గింజలు చల్లవలెను. గ్రామునకు సుమారు 300 గింజలు తూగును గాన 42 గ్రాములు చాలును. 98 గుంటల ప్రోట్రేలు 128 కావలసియుండును. నేలమడిలో చల్లువారికి 60 మొదలు 80 గ్రాముల వరకు పట్టును.

నారు పెంచుట

మాగిన కొబ్బరిపొట్టును తడిపి, ప్రోట్రే గుంటలలో నింపి, గుంటకొక గింజను పావు అంగుళము లోతున వేసి కప్పవలెను. ట్రేలను పదేసి చొప్పున ఒకదానిపై నొకటి పేర్చి ప్లాస్టిక్ పట్టాతో కప్పి, మొలక కనబడగనే విడదీసి పరువవలెను. ఒక్క దినము ఆలస్యమైనను మొలకలు సన్నగా సాగి బలహీనపడును.

నారునకు గొప్ప శత్రువు తెల్లదోమ. ఆకుముడత తెగులును మొక్క నుండి మొక్కకు చేర్చునది అదియే. తెగులు సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. నారు దశలోనే సోకినచో మొక్క గిడసబారి దాదాపు కాయనే కాయదు. నీడకై కట్టు వల తెల్లదోమను ఆపజాలదని రైతులు గమనింపవలెను. అంగుళమునకు 50 కన్నులు గల సన్నని నైలాను వలతో నాలుగు వైపులను, పైభాగమును మూసి, అంచులను మట్టిలో పూడ్చవలెను. లోపల జిగురు పూసిన పసుపు అట్టలను వ్రేలాడగట్టవలెను. పాత టమాటా తోట ప్రక్కన నారు పెంచరాదు.

నీరు ఉదయమున పూలజల్లుతో నీయవలెను. నీరు హెచ్చినచో నారుకుళ్లు వచ్చి మొలకలు మొదట విరిగి పడిపోవును. పండ్రెండవ దినమున నీటిలో కరగు 19-19-19 ఎరువును లీటరునకు 3 గ్రాముల వంతున కలిపి పోయవలెను. నాటుటకు నాలుగు దినముల ముందు నీరు తగ్గించి, ఎండ తగులునట్లు చేసినచో మొక్క గట్టిపడును.

పొలమున నాటుట

వంగ, మిరప, పొగాకు, బంగాళాదుంప వేసిన నేలలో వెంటనే టమాటా వేయరాదు. ఇవన్నియు ఒకే కుటుంబపు మొక్కలు గాన వాని తెగుళ్లు దీనికిని సోకును. చివికిన పశువుల ఎరువు ఎకరమునకు 8 మొదలు 10 టన్నుల వరకు తోలి, తక్కిన ఎరువులను భూసార పరీక్ష ననుసరించి వేయవలెను.

ఇరువదియైదు దినముల నారును సాయంకాలమున నాటవలెను. ట్రేలను బాగుగా తడిపి, వేరుముద్ద చెదరకుండ మొక్కను తీసి, బీజదళముల వరకు కాండమును పూడ్చవలెను. పూడిన కాండము నుండి క్రొత్త వేళ్లు పుట్టును. నారు పట్టుకొనువారు బీడీ, పొగాకు ముట్టరాదు. మొజాయిక్ తెగులు ఆ చేతుల వలననే మొక్కకు అంటును.

ప్రతి 16 సాళ్లకును ఒక సాలు బంతి వేయవలెను. బంతినారు 45 దినములది కావలెను. అప్పుడు రెండును ఒకే వేళ పూయును. కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగు బంతిపూవులపై గ్రుడ్లు పెట్టును.

నాటిన పిమ్మట

మూడు వారముల లోపల ఊతకర్రలు పాతి మొక్కలను కట్టవలెను. నీరు తప్పక, ఒకే తీరున నీయవలెను. నేల ఒకమారు ఎండి, మరల తడిసిముద్దయగుచుండినచో కాయ అడుగుభాగము నల్లబడును, కాయలు పగులును.

మొక్క ఆకుపచ్చగా నుండగనే హఠాత్తుగా వాడినచో మొదలు కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని తేట నీటిలో వ్రేలాడదీయవలెను. తెల్లని పాలవంటి దారము దిగినచో అది బాక్టీరియా ఎండుతెగులు. అట్టి మొక్కను వేళ్లతో పెరికి కాల్చవలెను. ఆ చోటి నీరు తక్కిన సాళ్లకు పారనీయరాదు.

కోత

నాటిన 60 మొదలు 70 దినములకు కోతకు వచ్చును. దూరపు సంతలకు పంపువారు కాయ రంగు తిరుగగనే కోయవలెను. దగ్గరి సంతకు ఎర్రబారిన పిమ్మట కోయవచ్చును. మదనపల్లెవంటి పెద్ద మార్కెట్టులయందును ధర దినదినమును మారుచుండును. ధర రైతు చేతిలో లేదు. మంచి విత్తనము, శుభ్రమైన నారు మాత్రము అతని చేతిలోనివే. అందుచే పొలము దున్నుటకు ముందే వల కట్టుకొనుడు.