మూత్రపిండం చెడితే చక్కెర ఎందుకు తగ్గుతుంది?

ఏళ్ల తరబడి ఇన్సులిన్ తీసుకొనే మధుమేహ రోగులలో ఒక్కొక్కప్పుడు ఒక వింత కనిపిస్తుంది. తిండి మారదు, మందు మోతాదు మారదు. అయినా రక్తంలో చక్కెర తగ్గుతూ వస్తుంది. జబ్బు నయమవుతున్నదని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని ఇది మూత్రపిండాలు చెడుతున్నవనడానికి గుర్తు కావచ్చు.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు దినానికి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంనుంచి వడపోస్తవి. దానితో దిగే గ్లూకోజు కూడా ఇంచుమించు 180 గ్రాములు. సన్నని నాళికలు దానినంతా తిరిగి పీల్చి రక్తానికి అప్పగిస్తవి. అంతేకాదు, రాత్రి భోజనం తర్వాత తెల్లవారేవరకు మనకు కావలసిన చక్కెరను ప్రధానంగా కాలేయం సమకూరుస్తుంది గాని, మూత్రపిండాలు కూడా కొంత గ్లూకోజును కొత్తగా తయారుచేస్తవి. అవి చెడినపుడు ఈ రాబడి తగ్గుతుంది.

ఇంతకంటె ముఖ్యమైనది ఇన్సులిన్ సంగతి. క్లోమగ్రంథిలో పుట్టిన ఇన్సులిన్ ముందు కాలేయం గుండా పోతుంది. సుమారు సగం అక్కడనే నశిస్తుంది. సూదిమందుగా ఇచ్చినది అలా కాదు. దానిని విరగగొట్టే పనిలో పెద్దభాగం మూత్రపిండాలదే. కోనసీమలో అప్పనపల్లి వంటి లంక గ్రామాల రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మురుగుకాలువ పూడితే, పెట్టిన నీరు ఎప్పటంతే అయినా చేను మునుగుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు కూడా ఇలాగే ఒంట్లో నిలిచిపోతవి.

ఐతే దీనికి ఎదురు నడిచే మార్పు మరొకటి వుంది. రక్తంలో మాలిన్యాలు, ఆమ్లం పెరిగినకొద్దీ కండరాలు ఇన్సులిన్‌కు లొంగవు. కోనసీమవలెనే కొబ్బరితోటలకు పేరుపడిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి చాలామందికి మధుమేహం లేకుండానే వస్తున్నది. కారణం నేటికీ తేలలేదు. మధుమేహం ఎరుగని అటువంటి రోగులలో సైతం, వ్యాధి ముదిరితే, భోజనానంతరం చక్కెర హెచ్చుగా నిలవవచ్చు. ఒకే మనిషికి మధ్యాహ్నం చక్కెర ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ!

మూడునెలల సగటు చూపే రక్తపరీక్ష కూడా ఇక్కడ మోసగించవచ్చు. ఆ పరీక్ష ఎర్రకణాలకు అంటిన గ్లూకోజును కొలుస్తుంది. మామూలుగా 120 దినాలు బ్రతికే ఆ కణాలు ఈ రోగులలో త్వరగా నశిస్తవి; లెక్క ఉన్నదానికంటె తక్కువ వస్తుంది. అందుచేత వేలికొన రక్తాన్ని వేళవేళకు పరీక్షించి, మోతాదును వైద్యుడే సవరించాలి.

చక్కెర పడిపోతే చెమటలు, వణుకు, తికమక కలుగుతవి; ఆపైన స్పృహ తప్పుతుంది. స్పృహ ఉన్నవారికి వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. కోనసీమ ఇళ్లలో చేయి ముందు బొండం మీదికి పోతుంది. కాని కొబ్బరినీటిలో పొటాసియం హెచ్చు. చెడిన మూత్రపిండాలు దానిని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.