ఊరికి చెప్పి దాచాలి!

పరుగెత్తే దారిలో ఓ డబ్బా దాచి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రపంచానికి చెప్పేయడం... అదే జియోకేషింగ్. పత్తి, మిరప చేల మధ్య ఆ ఆట ఆడబోతే ఏమైందంటే...

తెల్లవారుజామున ఐదున్నర. నరసరావుపేట వైపు, సాగర్ కుడి కాలువ నీళ్లు పారే ఓ మేజరు కట్ట. ఒకపక్క పత్తి, ఇంకోపక్క మిరప. నాకు బాగా ఇష్టమైన పరుగుదారి ఇదే. వానాకాలంలో నల్లరేగడి బూట్లకు అంటుకుని ఒక్కో కాలూ రెండు కిలోలు బరువెక్కుతుంది. ఫిబ్రవరిలో కల్లాల పక్కనుంచి వెళ్తుంటే మిర్చి ఘాటుకు తుమ్ములే తుమ్ములు. అయినా మానబుద్ధి కాదు. ఇంత చక్కని దారిని ఇంకో నలుగురికి చూపించాలనిపించింది. అందుకే ఓ రోజు సంచిలో ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని బయల్దేరా.

బకెట్‌తో మొదలు

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మీవాళ్లుంటే, మనవలు ఫోన్ పట్టుకుని పార్కులో చెట్ల మొదళ్లు వెతకడం చూసే ఉంటారు. ఈ ఆట పుట్టింది 2000 మే నెలలో. అప్పటిదాకా అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలను కావాలనే కొంత చెదరగొట్టేది. దాంతో మామూలు జనం పరికరాల్లో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ అడ్డు తీసేసిన మరునాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఓ బకెట్ దాచి, అదెక్కడుందో ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, కొంత డబ్బు, ఓ బీన్స్ డబ్బా లాంటివి ఉన్నాయి. మూడు రోజుల్లోనే ఇద్దరు దాన్ని పట్టేశారు!

ఇప్పుడు 190కి పైగా దేశాల్లో 30 లక్షలకు మించి ఇలాంటి పెట్టెలున్నాయి. 2008లో రిచర్డ్ గారియట్ అనే అంతరిక్ష యాత్రికుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ ఒకటి ఏర్పాటు చేశాడు. ఆట తేలికే. ఫోన్ చెప్పిన చోటికి వెళ్లాలి. వెతకాలి. లోపలున్న పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. బొమ్మో, బిళ్లో తీసుకుంటే అంత విలువైనది ఇంకోటి పెట్టాలి. డబ్బాను ఉన్నచోటే ఉంచేసి రావాలి.

పెట్టెలో పేర్లు రాసి ఉంచడం మనకేమీ కొత్తకాదు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతు పేటికలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్లు దాటిన ఆ పేటికల మీద బ్రాహ్మీ లిపిలో అప్పటి మనుషుల పేర్లు చెక్కి ఉన్నాయి!

‘ఏంది అబ్బాయ్?’

సరే, నా డబ్బా సంగతికొద్దాం. కట్ట పక్కన రాళ్లగుట్ట చూసి, వంగి చెయ్యి పెట్టానో లేదో... వెనక నుంచి గొంతు వినిపించింది.

‘‘ఏంది అబ్బాయ్, ఆడేం దాస్తన్నావ్?’’

మిరపచేను పెద్దాయన. విషయం చెప్పా. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

‘‘చేలల్లో మూతేసిన డబ్బా కనపడితే పురుగుమందనే అనుకుంటారు. ఏ పిల్లోడో మూత తీసి వాసన చూస్తే? మందు తాగి పోయినోళ్లని చూసినోణ్ణి, అందుకని చెబుతన్నా. పైగా ఆ సందులో పాముంటే నీ చెయ్యేమైద్ది?’’

నా దగ్గర జవాబు లేదు. పత్తి, మిరప పండే ఈ నేలలో పురుగుమందు డబ్బా ఎన్ని ఇళ్లల్లో చీకటి నింపిందో తెలియందెవరికి? ఎక్కడో అడవిలో దాచే డబ్బా వేరు, మన చేలో దాచే డబ్బా వేరు. ఇక్కడ తెల్లారకముందే ఎవరో ఒకరు నీళ్లు పెడుతుంటారు. పత్తి తీతలు, కాయ కోతలు మొదలైతే చేల నిండా మనుషులే. వాళ్లకు చెప్పకుండా దాస్తే అది ఆట కాదు, అనుమానం.

నిబంధనలూ అదే చెబుతాయి

ఇంటికొచ్చి నిబంధనలు చదివితే పెద్దాయన మాటే అక్కడా ఉంది. స్థలం యజమాని అనుమతి తప్పనిసరి. గొయ్యి తీసి పాతకూడదు. చెట్టుకు మేకులు కొట్టకూడదు. ఒక పెట్టెకూ ఇంకోదానికీ కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. మన ఊరి గుర్తని నాలుగు ఎండుమిర్చి వేద్దామన్నా కుదరదు. తినేవి ఉంటే ఎలుకలూ చీమలూ చేరతాయి. వంతెనల కిందా, బడుల దగ్గరా పెడితే పోలీసుల్ని పరుగులు పెట్టించినట్టే. కొండవీడు లాంటి రక్షిత కట్టడాల్లో రాయి కూడా కదపకూడదు.

ఇంకో షరతుంది. సంక్రాంతి సెలవులకొచ్చి ఒకటి దాచేసి విమానమెక్కేస్తానంటే ఒప్పుకోరు. డబ్బాను చూసుకునే మనిషి దగ్గర్లో ఉండాలి. తడిసిన పుస్తకం మార్చాలి, పగిలిన మూత మార్చాలి.

కొలతకూ ఓపిక కావాలి. ఫోన్ చూపించే చోటు ఆరుబయట కూడా అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. అందుకే వేర్వేరు రోజుల్లో నాలుగైదుసార్లు కొలిచి సగటు తీయాలి. లేదంటే వెతికేవాళ్లు చేలోకి దిగి మొక్కలు తొక్కేస్తారు.

ఊరంతా కాపలా

వారం తర్వాత మళ్లీ వెళ్లా. ఈసారి లోపలేముందో బయటికే కనపడే డబ్బా. పైన ‘ఇది ఆట పెట్టె, మందు కాదు’ అని పెద్దక్షరాల్లో తెలుగులో రాసి అంటించా. చదవడం రానివాళ్ల కోసం పుస్తకం, పెన్సిలు బొమ్మలు కూడా వేశా.

‘‘బాబాయ్, మీరు చెప్పిన చోటే పెడతా’’ అన్నా. ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. కూలీలను పిలిచి చూపించాడు. చెయ్యి దూర్చే పనిలేని చోటు ఒకటి తన గట్టు మీదే చూపించాడు. ఎక్కడో ఇక్కడ రాస్తే ఆట చెడుతుంది!

వివరాలు నిర్వాహకులకు పంపాలి. స్వచ్ఛంద పరిశీలకులు సరేనంటేనే అది అందరికీ కనిపిస్తుంది. ఈలోగా కట్ట మీద వెళ్తుంటే కూలీలే పలకరిస్తున్నారు... ‘‘నీ డబ్బా బాగానే ఉందిలే!’’ అని. దాచిన వస్తువుకు ఊరంతా కాపలా అన్నమాట. మొదట వచ్చేవాళ్ల కోసం పుస్తకంలో తొలి పేజీ ఖాళీగా ఉంచా.

మీ ఊరి దారిలోనూ ఓ డబ్బా దాచాలనుందా? భేషుగ్గా దాచండి. కాకపోతే ముందు ఆ చేను రైతును అడగండి.