మలపరీక్ష: ఏది దేనిని చెబుతుంది?

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో స్ప్రూ వ్యాధి వాతబడి బ్రతికి బయటపడినాడు. ఆయన సోదరులిద్దరు అదే వ్యాధికి బలియైనారు. తిన్నది ఒంటబట్టక, జిడ్డు విరేచనాలతో మనిషి శుష్కించిపోయే వ్యాధి ఇది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందము ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1948లో అక్కడి నుండే ఆరియోమైసిన్ వెలువడింది. ఉష్ణదేశపు స్ప్రూకు నేటికీ ఇచ్చేవి ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ జాతికే చెందిన టెట్రాసైక్లిన్. బాక్టీరియాలను అణచే మందు ఇక్కడ ఎందుకు పనిచేస్తుంది? పలుచగా ఉండవలసిన చిన్నపేగులో బాక్టీరియాలు చేరి పెరగడము ఈ వ్యాధిలో ఒక భాగము గనుక.

చిక్కు ఇక్కడనే ఉన్నది. మలము వచ్చేది పెద్దపేగు నుండి. అక్కడ ఒక్క గ్రాములో సుమారు 10,000 కోట్ల బాక్టీరియాలుంటాయి. చిన్నపేగు పైభాగంలో మిల్లీలీటరుకు సాధారణంగా కొన్నివేలే. అవి నూరురెట్లు పెరిగినా ఆ రాశిలో కలిసి జాడ తెలియదు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో తూము దగ్గర చెంబెడు నీరు ముంచి, ఎగువన ఏ వాగులో ఏమి కలిసినదో చెప్పబూనడము వంటిదే ఇది.

కాబట్టి "పేగులలో బాక్టీరియాల సమతౌల్యము చెడినదా?" అని అడగడానికి ముందు రోగి బాధ ఏమిటో తెలియవలెను. జిగట, నెత్తురు పడుతుంటే మొదట సూక్ష్మదర్శినితో చేసే సామాన్య పరీక్ష. అమీబా, గియార్డియా, కొంకిపురుగు గ్రుడ్లు అందులో కనబడతాయి. చవక అని దానిని చిన్నచూపు చూడరాదు. అయితే పలుచని మలములో కదిలే అమీబాను అరగంటలోగా చూడవలెను. ఇబ్రహీంపట్నంలో ఉదయము పట్టిన నమూనా హైదరాబాదు చేరి వరుసలో వేచియుండేసరికి ఆ కదలిక ఆగిపోతుంది. ఈ ఒక్క పరీక్ష ఊరిలోనే మేలు.

యాంటీబయోటిక్ వాడిన తరువాత విరేచనాలు పట్టుకుంటే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విషము కొరకు వెదకుతారు. సమతౌల్యము చెడినదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు. కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పేగు వాచినదా లేదా అన్నంతవరకే చెబుతుంది. కల్చర్ పరీక్ష రక్తవిరేచనాల బాక్టీరియా వంటి వాటిని పట్టిస్తుంది. పెద్దపేగులో అత్యధిక భాగము గాలి సోకితే బ్రతకని జీవులే గనుక వాటి లెక్క అందులో తేలదు.

ఇక డి.ఎన్.ఏ. పరీక్ష. బాక్టీరియాలన్నిటిలో ఉండే, సుమారు 1,500 అక్షరాల 16 ఎస్ జన్యువును చదివి జాతులను గుర్తిస్తారు. రంగురంగుల పటాలతో నివేదిక వస్తుంది, ఖర్చు వేలలో అవుతుంది. కాని అది చూపేది పాలు మాత్రమే, సంఖ్య కాదు. ఒక జాతి తగ్గితే, ఏమీ మారని మరొక జాతి పెరిగినట్లు కనబడుతుంది. పైగా ఆరోగ్యవంతులైన ఇద్దరి పేగులే ఒకదానితో ఒకటి పోలవు. రక్తములోని చక్కెరకు ఉన్నట్లు దీనికి ఇంత దాటరాదన్న హద్దు లేదు. పరిశోధకునికి ఇది గొప్ప సాధనమే. ఒక రోగికి మందు నిర్ణయించడానికి మాత్రము చాలదు.

చిన్నపేగునే అనుమానించవలసివస్తే గ్లూకోజు త్రాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలుస్తారు. మన కణాలు ఆ వాయువును తయారుచేయలేవు, బాక్టీరియాలు చేస్తాయి. స్ప్రూ విషయంలో మలము చెప్పగలిగేది వేరొకటి ఉన్నది: సూడాన్ రంగు వేసి సూక్ష్మదర్శినితో చూస్తే జీర్ణముకాని కొవ్వు నారింజ రంగు బిందువులుగా తేలుతుంది.