దినచర్య – ఎవరి ఉదయం వారిది

ఉదయకాలం అమూల్యమైనదని పెద్దలు ఏనాటి నుంచో చెబుతూనే ఉన్నారు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు, అంటే 96 నిమిషాల ముందు ఆరంభమయ్యే బ్రాహ్మీ ముహూర్తం విద్యాభ్యాసానికి శ్రేష్ఠమని ఒక సంప్రదాయం. తెల్లవారకముందే వినవచ్చే ఫజర్ అజాన్ విశ్వాసులను నిద్ర నుంచి ప్రార్థనకు పిలుస్తుంది. గాంధీజీ నివసించిన కాలంలో సాబర్మతీ ఆశ్రమవాసులు నాలుగు గంటలకే మేల్కొనేవారు. కావున వేకువనే లేవడం మంచిదా, కాదా అన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. ఆ మంచిమాట మన ఇళ్ళలో, మన పనుల నడుమ ఆచరణకు వచ్చే మార్గం ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో తటస్థపడలేదు. తరగతి గదిలో ఎదురైంది. కొన్నేళ్ళ క్రితం ఒక ఫిబ్రవరి నెలలో, పరీక్షలు సమీపిస్తున్నవని, ప్రతి విద్యార్థీ నాలుగు గంటలకు లేచి చదవవలసిందేనని గంభీరంగా ఉపన్యసించాను. వారం తిరగకముందే ఒక విద్యార్థి మొదటి పీరియడులో బల్లమీద తల వాల్చి నిద్రపోయాడు. అందరి ఎదుట లేపి సోమరితనాన్ని గురించి నాలుగు మాటలు అన్నాను. అతడు తల వంచుకొని నిలబడ్డాడే గాని బదులు చెప్పలేదు. తరగతి ముగిసిన తరువాత అతని మిత్రుడు వచ్చి అసలు సంగతి చెప్పాడు. వారి పొగాకు బ్యారన్‌లో ఆకు కాలుతున్నది. తండ్రికి జ్వరం. రాత్రంతా మంట చూసుకొని, ఐదు గంటలకు నడుము వాల్చి, గంటసేపు పడుకొని బస్సెక్కాడట. నేను ఉపదేశించిన నాలుగు గంటల వేళకు అతడు మేల్కొనే ఉన్నాడు! మరునాడు అదే తరగతిలో నా మాటను వెనక్కు తీసుకున్నాను.

మన మెట్ట ప్రాంతపు జీవితం ఎరిగినవారికి ఇందులో వింత లేదు. వర్జీనియా పొగాకు ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీసిన తరువాత కొన్ని రోజులపాటు వేడిని క్రమక్రమంగా పెంచుతూ పోవాలి. మంట తగ్గినా, హద్దు మీరినా ఆకు రంగు చెడి, వేలంలో ధర పడిపోతుంది. కావున రాత్రిళ్ళు ఎవరో ఒకరు కాపలా ఉండక తప్పదు. పాడి ఉన్న ఇంట వేకువన పాలు పితికి కేంద్రానికి చేర్చాలి. టీ దుకాణం నడిపే ఇంట నాలుగింటికే పొయ్యి వెలగాలి. ఈ ఇళ్ళ బిడ్డలకు ఉదయం ఖాళీగా దొరికే వస్తువు కాదు.

ఇతరుల దినచర్యను యథాతథంగా తెచ్చుకొంటే ఏమవుతుందో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితమే చెబుతుంది. ఐదు గంటలకు లేవడం, ఎనిమిది నుంచి పని, రాత్రి పది గంటలకు నిద్ర అని ఆయన తన ఆత్మకథలో వేసి చూపిన పట్టిక లోకప్రసిద్ధం. దానిని ఆదర్శంగా చూపేవారు అదే గ్రంథంలోని మరొక ఒప్పుకోలును తరచుగా మరచిపోతారు. తాను అలవరచుకోదలచిన సుగుణాలలో క్రమపాలనే తనను ఎక్కువగా బాధించిందనీ, తన కాలం తన చేతిలో ఉన్న పనివానికి ఆ పట్టిక సాధ్యం కావచ్చు గాని, వచ్చేపోయేవారిని వారి వేళలకు కలుసుకోవలసిన యజమానికి అది కుదరదనీ ఆయనే వ్రాశాడు. పట్టిక వేసినవానికే కుదరనిది మనకు కుదరలేదని చింతించనేల? పులిని చూసి నక్క వాతలు పెట్టుకొన్న సామెత ఉండనే ఉన్నది.

ఇక శరీరధర్మం సంగతి. మన దేహంలో ఒక గడియారం ఉన్నదనీ, అది సుమారు ఇరవైనాలుగు గంటల లయలో నిద్రనూ మెలకువనూ నడుపుతుందనీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ గడియారం కణాలలో ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే మువ్వురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. దానిని ప్రతిదినం సరిదిద్దే ముఖ్య సాధనం వెలుతురు. ఉదయం ఆరుబయట పడే ఎండ దానిని ముందుకు జరుపుతుంది. రాత్రి కళ్ళముందు వెలిగే సెల్‌ఫోన్ వెనక్కు లాగుతుంది. యౌవనారంభంలో ఈ గడియారం సహజంగానే కొంత ఆలస్యంగా నడుస్తుంది. కావున పదిహేడేళ్ళ పిల్లవానికి తొందరగా నిద్ర పట్టకపోవడం కేవలం మొండితనం కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యుల సలహా. నాలుగు గంటలకు లేవదలచినవాడు రాత్రి ఎనిమిదికే నిద్రపోవాలన్నమాట. తొమ్మిదింటికి భోజనాలు జరిగే ఇంట ఇది సాధ్యమా? ఉదయపు దినచర్య ఉదయం మొదలు కాదు. ముందటి రాత్రే మొదలవుతుంది.

ప్రకృతి కూడా ఏడాది పొడుగునా ఒకే వేళను పాటించదు. జంగారెడ్డిగూడెంలో జూన్ ఆరంభంలో సుమారు ఐదున్నరకు ఉదయించే సూర్యుడు జనవరి మధ్యలో దాదాపు 6 గంటల 40 నిమిషాలకు గాని కనిపించడు. ఫజర్ వేళ దానిననుసరించి జరుగుతుంది. రంజాన్ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తూ ఇంటి నిద్రవేళలనే మార్చివేస్తుంది. ధనుర్మాసంలో ఆలయాల వేళలూ, సంక్రాంతి ముగ్గుల వేళలూ వేరు. మన పండుగలే వేళలను మార్చుకొంటూ క్రమాన్ని నిలుపుకొంటున్నప్పుడు, గడియారపు ఒక్క అంకెను పట్టుకొని వేలాడవలసిన పని లేదు.

అయితే మనకు తగిన దినచర్యను ఎలా ఏర్పరచుకోవాలి?

మొదటిది, లెక్క. ఒక వారంపాటు పడుకొన్న వేళ, లేచిన వేళ, బస్సెక్కేలోగా చేసిన పనులు ఉన్నవి ఉన్నట్లు వ్రాసుకోవాలి. తప్పించరాని పనుల కింద గీత గీయాలి. మిగిలినదే మన సొత్తు. అది ఇరవై నిమిషాలే కావచ్చు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి.

రెండవది, ముడి. కొత్త అలవాటును గంటకు గాక, ఇప్పటికే జరుగుతున్న ఒక పనికి ముడివేయాలి. ‘ఐదింటికి చదువుతాను’ అనడం కంటె ‘నమాజు ముగియగానే’ లేక ‘టీ గ్లాసు కడిగి పెట్టగానే రెండు పుటలు చదువుతాను’ అనడం మేలు. ఫలానా సందర్భంలో ఫలానా పని చేస్తానని ముందే నిర్ణయించుకొన్న సంకల్పం నెరవేరే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించాడు.

మూడవది, వరుస. లేచిన తరువాత కొంతసేపు బుద్ధి మందంగా ఉండటం సహజం. ముఖం కడుగుకోవడం, నీళ్ళు తోడటం వంటి పనులు ముందు కానిచ్చి, లెక్కలు, వ్యాకరణం వంటివి తరువాత పెట్టుకోవాలి. పుస్తకాల సంచీ, చదవవలసిన పుట రాత్రే సిద్ధంగా ఉంచుకోవాలి.

నాలుగవది, మూడు కొలతలు. తీరిక రోజున అరగంట, పని రోజున పది నిమిషాలు, బ్యారన్ రాత్రి గడచిన రోజున ఒక్క పేరా. ఆ చివరి దినాన నిద్రే ప్రధానం. ఆ పేరా కేవలం తాడు తెగకుండా పట్టుకోవడానికి.

ఆరంభశూరత్వం మన జాతికి అంటగట్టిన నింద. దానికి కారణం తరచుగా బద్ధకం కాదు, ఒక దినం తప్పగానే అంతా పోయిందనుకోవడం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒక అలవాటు స్థిరపడే కాలం మనిషిని బట్టీ పనిని బట్టీ 18 రోజుల నుంచి 254 రోజుల వరకూ మారింది; మధ్యస్థంగా 66 రోజులు. నడుమ ఒక్కనాడు తప్పినంత మాత్రాన చెప్పుకోదగిన నష్టం లేదని కూడా వారు గమనించారు. కనుక ఒకనాడు తప్పితే మరునాడు కొనసాగించడమే ప్రాయశ్చిత్తం.

ఒక ఉదాహరణ. బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని ఐదింటికి లేచి నీళ్ళు పట్టి, వంటలో తల్లికి సాయపడి, తమ్ముని బడికి సిద్ధం చేసి బస్సెక్కుతుంది. ఆమె లెక్క వ్రాస్తే మిగిలినవి రెండే ముక్కలు: అన్నం ఉడికే పావుగంట, బస్సు ప్రయాణం. పొయ్యి దగ్గర ఒక పుట చదివి, బస్సులో పుస్తకం తెరవకుండా దానినే నెమరు వేసుకోవడం ఆమె దినచర్య. ఇది చిన్నదే గాని నిజమైనది. అయితే అదే ఇంట ఆమె అన్న ఆరున్నరకు లేచి చేతికి టీ అందుకొంటాడు. అతడు రెండు బిందెలు తెస్తే ఆ పావుగంట అరగంట అవుతుంది. దినచర్య ఒక్కరి పట్టుదల మాత్రమే కాదు, ఇంటివారి న్యాయబుద్ధి కూడా.

కళాశాల వంతు కూడా కొంత కలదు. తొలి బస్సుకు దిగిన పిల్లలు గంట మోగేవరకు వరండాలో కాలక్షేపం చేస్తుంటారు. ఆ వేళకే పఠనమందిరం తలుపు తెరిపిస్తే, ఇంట దొరకని ఉదయం వారికి ఇక్కడ దొరుకుతుంది. పాలకవర్గ పెద్దలు ఈ మనవిని ఆలోచించ ప్రార్థన.

విద్యార్థినీ విద్యార్థులారా! గొప్పవారు ఎన్నింటికి లేచారని అడగడం మానండి. రాత్రి ఎంత నిద్రపోయాను, ఉదయం నాదంటూ ఎంత మిగిలింది, దానిని దేనికి వినియోగించాను అని మిమ్ములను మీరే ప్రశ్నించుకోండి. ఆనాడు బల్లమీద తల వాల్చిన విద్యార్థి సోమరి కాడు. అతని ఉదయం అప్పటికే వ్యయమైపోయింది, అంతే. మీ ఉదయంలో మిగిలిన పావుగంటను పోగొట్టుకోకండి.