లొద్దిలోకి దిగేముందు

కొండ ఎక్కడం కష్టమా, లోయలోకి దిగడం కష్టమా? ఎవరినడిగినా ఆలోచించకుండా ‘ఎక్కడమే’ అంటారు. నల్లమల లోయల్లోకి ఒకసారి దిగివచ్చినవాళ్లు మాత్రం కాసేపు ఆగి జవాబు చెబుతారు. ఎందుకో చూద్దాం.

మీది కొత్తకోట అనుకోండి. ఊరు దాటితే కనిపించే గుట్టలు ఎవరో బండలు పేర్చినట్టు గుండ్రగా ఉంటాయి. అది గ్రానైటు. వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా తూర్పుకు వెళ్లి, మన్ననూరు దగ్గర అమ్రాబాదు పీఠభూమి ఎక్కితే రాయి మారిపోతుంది. ఇది క్వార్ట్‌జైటు. నూరు కోట్ల సంవత్సరాలకు ముందే నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. చాలా కఠినమైనది, కాని నిలువుగా పగుళ్లు ఉంటాయి. వాగు నీరు ఆ పగుళ్లలో దూరి, మధ్యమధ్య ఉన్న మెత్తని రాతిపొరలను తొలిచివేస్తుంది. కింద ఆధారం పోగానే పైనున్న బండ నిలువుగా విరిగిపడుతుంది. అందుకే ఇక్కడి లోయల గోడలు ఏటవాలుగా కాక, కోట గోడల్లా నిటారుగా ఉంటాయి. ఇలాంటి లోతైన ఇరుకు లోయను ఈ ప్రాంతంలో లొద్ది అంటారు.

గోడ నిటారుగా ఉంటే దారి కూడా నిటారుగానే ఉంటుంది కదా! వటువర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం జలపాతాన్ని చూడాలంటే సుమారు 350 మెట్లు దిగాలి. ఒక్కో మెట్టు 16 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 56 మీటర్లు. దాదాపు పద్దెనిమిది అంతస్తుల మేడ! కొండకూ లొద్దికీ తేడా ఇక్కడే ఉంది. కొండ ఎక్కేవాడికి అలసట ముందే తెలుస్తుంది, చాలనుకున్నచోట వెనక్కు తిరుగుతాడు. లొద్దిలోకి దిగేవాడికి అడుగు దాకా హాయిగానే ఉంటుంది. కష్టమంతా చివరికి, ఎండ ముదిరాక, మంచినీళ్లు అయిపోయాక మొదలవుతుంది.

ఆ కష్టం ఎంతో లెక్క వేద్దాం. మీ బరువు 30 కిలోలైతే, 56 మీటర్లు పైకి మోయడానికి చేసే పని 30 × 9.8 × 56, అంటే సుమారు 16,500 జౌళ్లు. ఆహారం లెక్కలో 4 కిలోకెలోరీలు. కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగోవంతే పనిగా మారుతుంది కనుక 16 కిలోకెలోరీలు కావాలి. చిన్న బెల్లంముక్క చాలు! మరి అంత ఆయాసం దేనికి?

ఆయాసం పని మొత్తాన్ని బట్టి రాదు, దాన్ని ఎంత వేగంగా చేశామన్నదాన్ని బట్టి వస్తుంది. అయిదు నిమిషాల్లో పరుగెత్తి ఎక్కితే మీ శరీరం నిమిషానికి మూడు కిలోకెలోరీలకు పైగా అదనంగా ఖర్చుచేయాలి. దానికి సరిపడా ఆక్సిజన్‌ను ఊపిరితిత్తులు పట్టాలి, గుండె మోయాలి. అదే మెట్లు పావుగంటలో ఎక్కితే పని అంతే, కాని గుండెపై భారం మూడోవంతే. మీ నాయనమ్మ ఇరవై మెట్లకొకసారి నిలబడితే విసుక్కోకండి. ఆమె చేస్తున్నది సరైన భౌతికశాస్త్రం.

అయితే ఆమెను ఎక్కడమే కాదు, దిగడం కూడా బాధిస్తుంది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీరాన్ని పట్టి ఆపుతాయి, సైకిలు బ్రేకులాగా. ఊపిరికి శ్రమ తక్కువ, మోకాళ్లకు ఎక్కువ. మరునాడు తొడలు పట్టేసేది దిగినందుకే. చేతికర్ర ఉంటే కొంత బరువు అది మోస్తుంది.

కనుక ఇంటిల్లిపాదీ బయలుదేరితే అందరూ ఒకే చోటికి దిగాలన్న పట్టుదల ఎందుకు? రంగాపురం దగ్గరి ఉమామహేశ్వరానికి ఘాటు రోడ్డుంది, వాహనం కొండపైకే వెళుతుంది. అక్కడి నుంచి వంగిన బండ కింద నెమ్మదిగా నడుస్తూ, రాతిలోంచి ఊరే నీటిధారను చూడవచ్చు. కాలు బాగాలేనివారికి, పసిపిల్లలకు అదే మంచిది. రాతి పొరలు అక్కడా కనిపిస్తాయి, చూసే కన్నుండాలి అంతే! మోకాళ్లు గట్టిగా ఉన్నవారికి వానాకాలం వెళ్లాక మల్లెలతీర్థం. తడిసిన పాచిరాళ్ల మీదకు మాత్రం వెళ్లవద్దు. ఎగువన వాన పడితే, మీ నెత్తిన ఎండ కాస్తున్నా వాగు ఒక్కసారిగా పెరుగుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది సలేశ్వరం. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో మాత్రమే అటవీశాఖ దారి తెరుస్తుంది. ఇది పులుల అడవి మరి. వాహనాలు ఆగినచోటి నుంచి సుమారు 5 కిలోమీటర్లు గుట్టలూ రాళ్లూ దాటి, చివర లొద్దిలోకి దిగాలి. ఎండాకాలం, ఇరుకు దారి, వేలాది జనం. 2023 ఏప్రిల్ జాతరలో ఆ రద్దీలో కొందరు భక్తులు ప్రాణాలే కోల్పోయారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారిని ‘ఏం ఫరవాలేదు, రండి’ అని బలవంతపెట్టడం నాకు తప్పుగా తోస్తుంది.

నడకకు ఎంత కాలం పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఇది బలమైన పెద్దవాళ్ల లెక్క, పిల్లలు రెట్టింపు వేసుకోవాలి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో దిగడానికి పట్టిన కాలానికి రెండింతలు ఎక్కడానికి ఉంచుకోమంటారు. అంటే మీ దగ్గర మూడు గంటలుంటే, ఒక గంట కాగానే ఎక్కడున్నా వెనుదిరగాలి. నీళ్లూ అంతే, మూడింట రెండు వంతులు ఎక్కేటప్పటికి మిగలాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఒక సీసా పట్టుకెళ్లండి. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

ప్రయాణానికి ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఇరవై మెట్లున్న మేడ చూసి, అందరూ ఎవరి నడకతో వారు ఎక్కండి. పైకి చేరగానే మణికట్టు దగ్గర నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. ఎవరి అంకెలు వారి పేరు ఎదుట రాసుకున్నాకే, ఎవరు ఎక్కడి దాకా దిగాలో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.