గాజుతీగయు మన పిల్లల చదువును

చిత్తూరు సీమలో నీవా యనబడు ఏరే ఎల్లదాటి వచ్చి మన తిరువలమున పొన్నై యగుచున్నది. నీరు వచ్చినంత సులభముగ తెలుగు పుస్తకములు ఎల్లదాటి మన పిల్లల చేతికి వచ్చుట లేదు. ఈ లోటును కొంత తీర్చు సాధనము బ్రాడ్‌బ్యాండ్ ఇంటర్నెట్టు. దానివలన సూర్యరాయాంధ్ర నిఘంటువును ఇంటనే చూడవచ్చును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను చదువవచ్చును.

బ్రాడ్‌బ్యాండ్ అననేమి? సెకనుకు కనీసము 2 మెగాబిట్ల వేగము గలదానినే 2023 నుండి మన దేశమున ఆ పేరుతో పిలుచుచున్నారు. వెంట్రుకవంటి గాజుతీగలో సమాచారము కాంతిరూపమున పరుగెత్తును. సెల్‌ఫోను టవరు శక్తిని ఊరందరు పంచుకొనవలసియుండుటచే, అందరు ఒకేసారి వాడినచో వేగము తగ్గును. గాజుతీగలో ఆ యిబ్బంది స్వల్పము.

2020లో కరోనావలన బడులు మూతపడినప్పుడు ఈ భేదము మాకు బాగుగ తెలిసెను. పెక్కు ఇండ్ల ఉన్నది ఒక్క ఫోను. తండ్రి దానిని పనికి తీసికొనిపోగా బిడ్డ చదువు రాత్రివరకు ఆగెడిది. మేము చదివి పంపిన పద్యము కొందరికి మరునాడు గాని చేరలేదు. పద్యము చదువు తీరును కాగితముపై వ్రాసి పంపరాదు గదా!

కేంద్రప్రభుత్వము 2011లో ఆమోదించి 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకము, సుమారు 2.5 లక్షల గ్రామపంచాయతీలకు గాజుతీగ చేర్చుటకు ఉద్దేశింపబడినది. మన రాష్ట్రమున 12,525 గ్రామపంచాయతీల పనిని టాన్‌ఫినెట్ సంస్థ చేపట్టినది. ఆంధ్రప్రదేశమున 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్టుకు విద్యుత్ స్తంభముల మీదుగనే తీగ లాగి, ఆనాడు నెలకు 149 రూపాయల రుసుము నిర్ణయించిరి.

తిరువలము పట్టణ పంచాయతీ యగుటచే పై లెక్కలో చేరదు. కాని మన బడి పిల్లలలో పలువురు చుట్టుపట్ల గ్రామములవారే. తీగ పంచాయతీ కార్యాలయమునకు వచ్చినంతమాత్రమున ఇంటికి వచ్చినట్లు కాదు. చెరువు నిండినను పిల్లకాలువ లేనిదే చేను తడియదు. ఆ పిల్లకాలువ మనము త్రవ్వుకొనవలసినదే.

అందులకు రెండు మార్గములు కలవు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల గ్రామసభలలో, "తీగ వచ్చినదా? పనిచేయుచున్నదా? బడికి ఎప్పుడు?" అని తలిదండ్రులు అడుగవలయును. రెండవది, 2020 డిసెంబరులో కేంద్రము ఆమోదించిన పీఎం-వాణి పథకము. దానిక్రింద చిన్న దుకాణదారుడైనను ఇంటర్నెట్టు కొని, ప్రత్యేక లైసెన్సు లేకయే పదిమందికి వైఫై అందింపవచ్చును. మన సంఘ పఠనమందిరమున అట్టిది నెలకొల్పినచో, ఫోనులో డబ్బు వేయించలేని ఇంటి బిడ్డయు సాయంకాలము పెద్దల యెదుట కూర్చుండి తెలుగు పాఠము వినగలడు.

ఈ విషయము రాబోవు తలిదండ్రుల సమావేశమున చర్చింప గోరుచున్నాము. దయచేసి అందరును రండు.